నూట ముప్పై ఆరు అడుగుల కింద ఎర్రమూట

2024 ఏప్రిల్. కదిరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. అంతకుముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. చెరువు గురించి మాట్లాడేవాళ్ళే లేరు. ఎవరి బోరులో ఎన్ని ఇంచుల నీళ్ళు వస్తున్నాయన్నదే పెళ్ళిళ్ళలోనూ, దినాల్లోనూ, బస్సుల్లోనూ మాట.

నా పని బోర్లలోకి కెమెరా దింపడం. పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను, చుట్టుపక్కల నన్ను కెమెరా మస్తాన్ అంటారు. మోచేతి పొడవున్న స్టీలు గొట్టం, దాని కొసన గాజు వెనక కెమెరా, చుట్టూ చిన్న లైట్లు. దాన్ని కేబుల్‌కు కట్టి వించ్ మీదుగా, అంటే చేత్తో తిప్పే చక్రం మీదుగా, బోరులోకి వదులుతాను. పైన మానిటర్‌లో లోపలి రాయి కనబడుతుంది, పక్కనున్న మీటర్‌లో ఎన్ని అడుగులు దిగిందో కనబడుతుంది. పైమట్టి కూలకుండా దించే పైపును కేసింగ్ అంటాం. రాతిలో నీళ్ళు వచ్చే పగులును గ్యాప్ అంటాం. కేసింగ్ ఎక్కడ పగిలింది, ఏ గ్యాప్ ఎండింది, మోటరు ఎక్కడ ఇరుక్కుంది, ఇవి చూసి చెప్పడమే నా ఉద్యోగం.

ఈ పనిలో అన్నిటికంటే ముందు వంటబట్టేది అనుమానం. బోరు వేసినవాడు ఎనిమిది వందల అడుగులంటాడు, నా కెమెరా ఏడు వందల పదిలో అడుగు తాకుతుంది. పొలం అమ్మాలనుకునే రైతు నీళ్ళు పుష్కలం అంటాడు. అన్నదమ్ములకు వంతు ఇవ్వడం ఇష్టం లేని రైతు చుక్క లేదంటాడు. ఇద్దరూ నా ముందరే ఒట్టు పెట్టుకుంటారు. ఇన్నేళ్ళు ఇలాంటివాళ్ళ మధ్య తిరిగి నేనెలా తయారయ్యానంటే, "అన్నంలో రాయొచ్చినా ఎవురేసినారని అడుగుతావు నువ్వు" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఆమె మాటలో అబద్ధం లేదు.

ఆ రోజు నన్ను పిలిచింది గంగిరెడ్డి. మూడెకరాల చీనీ తోట అతనిది. మీరు బత్తాయి అంటారే, అదే. మోటరు కాలిపోతే బయటకు లాగి కాయిల్ చుట్టించడానికి కదిరికి పంపాడు. అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ బోరు మూతికి ఒక గోనెసంచి కప్పి, దాని మీద రాయి పెట్టి ఉంచారు. మా దగ్గర అందరూ చేసేది అదే. తీరా మోటరు బాగై వచ్చాక దింపబోతే నూట ముప్పై అడుగుల దగ్గర దేనికో తగిలి ఆగిపోయింది. లాగి మళ్ళీ దింపారు, మళ్ళీ ఆగింది. అప్పటికి తోటకు నీళ్ళు లేక ఎనిమిదో రోజు. నేను వెళ్ళేసరికి ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి, నిమ్మకాయంత పిందెలు రాలి నేల మీద పడి ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులైతే చెట్లే పోతాయి. పన్నెండేళ్ళ చెట్లు.

బోరు చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నవాడు గంగిరెడ్డి బావమరిది చెన్నారెడ్డి. కొంచెం ఎడంగా, స్టార్టర్ పెట్టె ఉన్న చిన్న గది గోడకు ఆనుకుని గంగిరెడ్డి కూతురు భార్గవి నిలబడి ఉంది. ఆరో తరగతి. మామూలుగా పిల్లలు నా టీవీ చూడాలని మీద పడతారు. ఈ పిల్ల దగ్గరికి రాలేదు. నేను అది గమనించాను గానీ పట్టించుకోలేదు. నా అనుమానాలన్నీ పెద్దవాళ్ళ మీదే ఉంటాయి.

కెమెరా దిగింది. అరవై అడుగుల దాకా కేసింగ్, తర్వాత నల్లరాయి, నూటపది దగ్గర ఒక ఎండిన గ్యాప్. నూట ముప్పై ఆరులో రాయి ఒకవైపు మెట్టులా ముందుకు పొడుచుకొచ్చింది. ఆ మెట్టు మీద ఎర్రటి గుడ్డ. నాలుగు కొసలూ ముడేసిన మూట. దాని మీద చుట్టలు చుట్టలుగా నీలం తాడు.

"ఏమప్పా అది? రాయి కాదా?" అన్నాడు గంగిరెడ్డి.

"రాయి కాదు రెడ్డన్నా. దానంతటది పడిండేది కాదు. ఎవురో తాడు కట్టి నిదానంగా దింపినారు."

నేను చూసింది చెప్పాననే అనుకున్నాను. నా అనుభవం చూపించుకోవాలన్న సరదా కూడా కొంచెం ఉంది, దాచుకోను. చెన్నారెడ్డి మానిటర్ వైపు వేలు చూపించాడు.

"ఎర్రగుడ్డ. ముడి. ఇంగేం గావల్ల మీకు? చేతబడి ఇది. బోరు కట్టేసినారు."

"ఎవురు?" అన్నాడు ఒకతను.

"ఎవురని అడుగుతావేంది? కండ్లు ల్యావా నీకు?"

అందరి తలలూ పడమటి వైపు తిరిగాయి. అటు పక్క పొలం ఈశ్వరమ్మది. గంగిరెడ్డికి సొంత వదిన. ఆమె భర్త, అంటే గంగిరెడ్డి పెద్దన్న, బడిలో అయ్యవారుగా పనిచేసి చనిపోయాడు. కిందటి వేసవిలో ఆమె బోరు ఎండితే, వారానికి ఒక వంతు నీళ్ళిమ్మని మరిదిని అడిగిందట. అతను ఇవ్వలేదు. ఆమె చెట్లు నిలువునా ఎండాయి. "నీ బోరు కూడా ఎల్లకాలం పారదులే గంగిరెడ్డీ" అని ఆమె నలుగురిలో అన్న మాట ఒకటి ఊళ్ళో మిగిలిపోయింది. అప్పట్నుంచి రెండిళ్ళకూ రాకపోకలు లేవు. ఇదంతా నాకు అయిదు నిమిషాల్లో ముగ్గురు తలా ఒక ముక్కగా చెప్పారు.

"తీసి చూస్తాము అన్నా, ఆగండి" అన్నాను నేను.

"దాన్ని ముట్టుకోవద్దు. తెలిసినోన్ని పిల్చి తీపీయల్ల. ముందు ఆయమ్మ సంగతి చూస్తాం పాండి" అని చెన్నారెడ్డి బయల్దేరాడు. పందిరికి ఆనించిన కర్ర ఒకటి ఒకతని చేతికి వచ్చింది. గంగిరెడ్డి ఒక్క క్షణం తోట వైపు చూసి, వాళ్ళ వెనకే నడిచాడు.

మా ప్రాంతంలో ఒక ఒంటరి ఆడమనిషి మీద ఈ మాట పడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమెను కూలికి ఎవరూ పిలవరు. ఆమె చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగరు. పళ్ళు రాలగొట్టిన సంగతులు కూడా విన్నాను. మూటలో ఏముందో తెలిస్తే తప్ప అడ్డం పడటానికి నా దగ్గర మాట లేదు. పోనీ తీస్తే? నిజంగానే అందులో నిమ్మకాయలూ వెంట్రుకలూ ఉంటే, ఆమెను నేనే వాళ్ళకు అప్పగించినట్టు. అసలు తీయడానికి నాకూ భయమేసింది. నమాజు చదివేవాడిని, ఇలాంటివి నమ్మనని నలుగురిలో చెప్పేవాడిని, అయినా ముందు బిస్మిల్లా అనుకున్నాను.

మా పనిలో ఫిషింగ్ అని ఒకటుంది. బోరులో పడినదాన్ని మూడు కొక్కేల గాలంతో పట్టి లాగడం. కెమెరా పక్కనే గాలం దింపి, మానిటర్ చూస్తూ తాడు చుట్టల్లోకి పోనిచ్చాను. తాడు తగిలింది. లాగడం మొదలుపెట్టాను. మూట గోడకు ఒకసారి గట్టిగా కొట్టుకుంది.

"అన్నా, మెల్లగ లాగన్నా. దాంట్లో అద్దముండాది."

వెనక్కి తిరిగి చూశాను. భార్గవి. అందరూ వెళ్ళిపోయారు, ఆ పిల్ల మాత్రం ఉంది.

"అద్దముండాదని నీకెట్ల తెలుసు పాపా?"

ఆ పిల్ల మొహం చూస్తుండగానే ఏడుపులోకి దిగింది. మూట పైకి తీసి గుడ్డ విప్పాను. స్టీలు టిఫిన్ డబ్బా. లోపల గుప్పెడు చెనిక్కాయలు, అదే వేరుశనగ, చీమలు పట్టని చిన్న బెల్లం ముక్క, కీ చైనుకు ఉండే చిన్న లైటు, పౌడరు డబ్బా మూతలోని గుండ్రటి అద్దం, నాలుగు మడతలు పెట్టిన నోట్సు కాగితం. కాగితం మొదట్లో ఇలా ఉంది: "భూమి లోపల ఉన్నవాళ్ళకు నమస్కారం."

"పుస్తకంలో ఇట్లే చేస్తారన్నా" అంది ఏడుస్తూనే. "దిగే ముందర మూడు పంపల్ల. తినేది, లైటు, ఒక ప్రశ్న. అద్దం నేనే పెట్టినా. వాళ్ళు దాంతో లైటు పైకి కొట్టి చూపిస్తారని. చీకట్ల కనపడల్లని ఎర్రగుడ్డ కట్టినా. తాడు వదులైనాది, అందింది అనుకొని సంతోషంలో కొస జార్చేసినా."

పుస్తకం ఎక్కడిదని అడిగాను. ఈశ్వరమ్మ ఇంట్లో ట్రంకు పెట్టె నిండా ఉన్నాయట, అయ్యవారు కొన్న పాత పిల్లల పుస్తకాలు. బడి వదిలాక దొడ్డిదారిన వెళ్ళి చదువుకుని వస్తోంది. "పెద్దమ్మ ఇంటికి పోతాండానని తెలిస్తే నాయన కొడతాడు. అందుకే చెప్పలే."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఆ పిల్ల వయసులో నేను కూడా కదిరి లైబ్రరీలో అలాంటి పుస్తకాల కోసమే పడిగాపులు కాసేవాడిని. చందమామ మీద దిగే బండ్లు, సముద్రం అడుగున ఊళ్ళు, గుహలోంచి గుహలోకి పోయే పిల్లలు. గచ్చు మీద బోర్లా పడుకుని చదువుతుంటే పొట్ట కింద చల్లగా ఉండేది, ఆ చల్లదనం భూమి లోపలి నుంచే వస్తోందని నమ్మేవాడిని. ఆ పుస్తకాల్లో నాకు నచ్చింది దయ్యాలూ మాయలూ కాదు. తెలియని తలుపు కనబడితే వాళ్ళు ఎవరిదో నేరం అనుకోరు, లోపల ఏముందో చూద్దాం అనుకుంటారు. తాడు కొలుచుకుంటారు, రొట్టె మూట కట్టుకుంటారు, దిగుతారు. మొదటిసారి ఈ కెమెరా మూడు వందల అడుగులు దిగి, రాతిలో అభ్రకం మెరిసినప్పుడు నేను ఒక్కడినే నవ్వుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడో ఆ నవ్వు పోయింది. ఎవరు అబద్ధమాడుతున్నారో పట్టుకోవడమే మిగిలింది. ఆ డబ్బా చేతిలో పట్టుకుని నేను సిగ్గుపడ్డాను.

"నడు పాపా. ఈ మాటే ఆడ చెప్పల్ల" అన్నాను. భయపడింది గానీ నా కన్నా ముందే పరిగెత్తింది.

ఈశ్వరమ్మ ఇంటి ముందు ఊరు సగం పోగై ఉంది. ఆమె గడప మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, బక్కపలచన. నీళ్ళ బిందె వాకిట్లో దొర్లి ఉంది, ఎవరు తన్నారో తెలియదు. "నేను చేయలేదు" అని మాత్రం చెబుతోంది, గొంతు పెంచకుండా, మళ్ళీ మళ్ళీ. ఆ మాట మీద మాట వేసి చెన్నారెడ్డి అరుస్తున్నాడు.

భార్గవి జనం మధ్య నుంచి దూరి పెద్దమ్మ పక్కన నిలబడింది. "నేనే దింపినా నాయనా" అంది.

నేను డబ్బా తెరిచి గంగిరెడ్డి చేతికిచ్చాను. అతను కాగితం పైకి చదివాడు. "నా పేరు భార్గవి. మేము పైన ఉంటాము. మా తాడు ముప్పై బారలే ఉంది. మీరు ఇంకా లోతులో ఉంటే దయచేసి కొంచెం పైకి రండి. ప్రశ్న: మీ దగ్గర నీళ్ళు ఉన్నాయా? ఉంటే మా పెద్దమ్మ బోరుకు ముందు పంపండి. తర్వాత మా బోరుకు పంపండి."

చదివి ఆగాడు. గొడవ అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు.

"ఇన్నారా? ఆయమ్మ బోరుకు ముందంట" అన్నాడు చెన్నారెడ్డి. "పసిపిల్లకు ఏం తెలుసు? ఆయమ్మే రాపిచ్చింది, ఆయమ్మే దింపిచ్చింది. లేకుంటే తనే దింపి పిల్లతో చెప్పిస్తాంది."

తలలు ఊగాయి. గంగిరెడ్డి మొహం మళ్ళీ గట్టిపడింది. నాకు ఒళ్ళు మండింది. వ్యాన్‌లోంచి టేపు తెచ్చి, భార్గవిని రెండు చేతులూ చాచమన్నాను. బార అంటే చాచిన చేతుల ఈ కొస నుంచి ఆ కొసకు పొడవు. నాలుగున్నర అడుగులు వచ్చింది. "ముప్పై బారలంటే నూట ముప్పై ఐదు. నా మీటర్ నూట ముప్పై ఆరు చూపించింది. పెద్దమనిషి బారైతే తాడు నూట డెబ్బై దాటల్ల, పైకొచ్చిన తాడు అంత లేదు. తాడు కొలిచింది ఈ పిల్ల చేతులే" అన్నాను. లెక్క అందరికీ అర్థమైంది. బారలతో మోకు కొలవని రైతు ఎవడున్నాడు?

"అయితే ఆ పుస్తకం తియ్యి" అన్నాడు చెన్నారెడ్డి, ఈసారి కొంచెం తగ్గి. "మంత్రాల పుస్తకమేమో ఎవురికి తెలుసు."

ఈశ్వరమ్మ లేచి లోపలికి వెళ్ళి తెచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, గోనెసంచి కుట్టే దారంతో కుట్టి ఉంది. పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. చెన్నారెడ్డి దాన్ని ముట్టుకోలేదు. "నువ్వే చదువప్పా" అన్నాడు నాతో.

పిల్ల గుర్తు పెట్టుకున్న చోట తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఒక అన్నా చెల్లెలూ పాడుబడ్డ బావి దగ్గర డబ్బా దింపి మూడు రోజులు కాచుకుంటారు. తాడు మూడోరోజు దానంతటదే కదులుతుంది. లాగితే డబ్బాలో తాము పెట్టిన రొట్టె ఉండదు, తడి ఆకు ఒకటి ఉంటుంది, భూమి మీద ఎక్కడా కనబడని ఆకు. వాళ్ళు దిగుతారు. నేను రెండు పేజీలు చదివాను. మూడో పేజీకి వచ్చేసరికి గొణుగుడు ఆగింది. కర్ర పట్టుకున్న మనిషి దాన్ని కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. తాడు సగంలో తెగి పిల్లలు ఒక గట్టు మీద చిక్కుకున్న చోట నేను గొంతు సవరించుకోవడానికి ఆగాను.

"తర్వాత?" అన్నాడు చెన్నారెడ్డి.

ఎవరో నవ్వారు. అతనూ నవ్వాడు, తల గోక్కుంటూ. గాలి తేలికైంది. నేను లోపల మురిసిపోయాను కూడా, ఒక పాత పుస్తకం ఇంతమందిని కూర్చోబెట్టిందని. గంగిరెడ్డి వదిన దగ్గరికి వెళ్ళి, "తెలీక అయిపాయ వదినా. ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు. దొర్లిన బిందె తీసుకుని నిలబెట్టింది.

"కత బాగుండాదా?" అంది అందరినీ ఉద్దేశించి. "భూమి లోపల మనుషులుండారంటే కూచోని ఇన్నారు. నేను చేయలేదని గంట నుంచి చెప్తాండా. ఒగరన్నా ఇన్నారా?"

కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచారు. గంగిరెడ్డి చేతిలో కాగితం అలాగే ఉంది. వాళ్ళంతా వెళ్ళాక ఆమె నా వైపు తిరిగింది.

"ఎవురో దింపినారని టీవీలో చూసి చెప్పింది నువ్వేనా?"

"నేనే అక్కా."

"నువ్వు ఎవురో అన్నావు. వాళ్ళకు నేనని ఇనపడింది. నీకు తెల్దా నాయనా, ఇట్లాంటి ఊర్లలో తిరుగుతాంటావే?"

నాకు తెలుసు. క్షమించమని అడిగాను. ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, చీర కొంగుతో దుమ్ము తుడిచి, భార్గవికి ఇచ్చింది. "మల్ల వాకిట్లోంచే రా. దొడ్డిదారిన రావద్దు" అంది.

ఆ సాయంత్రం మోటరు దిగింది. నీళ్ళు రెండించులు వచ్చాయి. కింది వరసలో పాతిక చెట్లు పోయాయట, మిగిలినవి కోలుకున్నాయి. నెల తర్వాత గంగిరెడ్డి వేరే పని మీద ఫోన్ చేసి, వదిన పొలానికి పైపు వేశానని, వారానికి ఒక పూట వదులుతున్నానని చెప్పాడు. ఆమె ఇంకా తనతో మాట్లాడటం లేదని కూడా చెప్పాడు. అది నాకు న్యాయంగానే అనిపించింది.

ఈ పనిలో నాకు దొరికిన పెద్ద పాఠం ఇదే. 'ఎవరో' అన్న మాట మనకు ఖాళీగా కనబడుతుంది. వినేవాడి దగ్గర అందులో పెట్టడానికి పేరు ఎప్పుడో సిద్ధంగా ఉంటుంది. అనుమానం నాకు పోలేదు, ఈ వృత్తిలో పోదు కూడా. ఇప్పటికీ బోరులో ఏదైనా కనబడితే ముందు నా బుర్ర మనుషుల కోసమే వెతుకుతుంది. కానీ నోటితో మాత్రం లోతు చెబుతాను, రంగు చెబుతాను, ఆకారం చెబుతాను. ఎవరు చేసి ఉంటారని అడిగితే, లోపల ఏముందో ముందు చూద్దాం అంటాను. దాన్ని పైకి తీసేదాకా అక్కడి నుంచి ఒక్కరినీ కదలనివ్వను.